నియోజకవర్గాల పునర్విభజన: పౌరుల పాత్ర

(ఒక కళాశాల గ్రంథాలయ వారోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎన్నికలను గురించి ప్రసంగించే వారు ఓటు హక్కు విలువను గురించి, అభ్యర్థుల గుణగణాలను గురించి చెప్పడం పరిపాటి. నేను ఈనాడు అంతకు ముందు దశను గురించి మాట్లాడదలచాను. ఓటరు పోలింగు కేంద్రానికి వెళ్లక మునుపే, అభ్యర్థి నామినేషను దాఖలు చేయక మునుపే ఒక నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. మీ గ్రామం ఏయే గ్రామాలతో కలిసి ఒక ప్రతినిధిని ఎన్నుకోవాలి అన్నదే ఆ నిర్ణయం. దానినే నియోజకవర్గాల పునర్విభజన అంటున్నాం. పత్రికలు డీలిమిటేషన్ అనే మాటను కూడా వాడుతున్నాయి. ఈ గీత ఒకసారి పడిందంటే ఒక తరం పాటు చెరగదు. 1976లో పడిన గీతల మీద 2004 సాధారణ ఎన్నికల వరకు లోక్‌సభను ఎన్నుకొన్నాం. 2008లో పడిన గీతల మీదనే మన రెండు తెలుగు రాష్ట్రాలలో 2024 లోక్‌సభ ఎన్నికలు కూడా జరిగాయి.

గీత వలన ఏమవుతుంది అని అడగవచ్చు. ఒక చిన్న లెక్క చూద్దాం. సమాన జనాభా గల తొమ్మిది గ్రామాలు ఉన్నాయనుకోండి. అయిదు గ్రామాల వారు ముందుగా పాత చెరువు మరమ్మతు కావాలంటున్నారు. నాలుగు గ్రామాల వారు వాగు మీద వంతెన కావాలంటున్నారు. మూడేసి గ్రామాల చొప్పున మూడు నియోజకవర్గాలు ఏర్పరచాలి. చెరువు కోరే గ్రామాలలో మూడింటిని ఒకే నియోజకవర్గంలో చేర్చి, మిగిలిన రెండింటిని విడదీసి, ఒక్కొక్క దానిని వంతెన కోరే రెండేసి గ్రామాలతో కలిపితే ఏమవుతుంది? అయిదు గ్రామాల వారికి ఒక ప్రతినిధి, నాలుగు గ్రామాల వారికి ఇద్దరు ప్రతినిధులు దక్కుతారు. గీతను కొద్దిగా జరిపి మరొక విధంగా గీస్తే ఫలితం తారుమారవుతుంది. రెండు సందర్భాలలోనూ ఓటరు ఓటు మార్చుకోలేదు, ఎవరూ దొంగ ఓటు వేయలేదు. కాగితం మీద పెన్సిలు కదిలింది, అంతే.

అమెరికాలో 1812లో మాసచూసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ సంతకంతో అమలులోకి వచ్చిన విభజనలో ఒక నియోజకవర్గం సాలమాండర్ అనే బల్లివంటి జంతువు ఆకారంలో వంకరలు తిరిగింది. ఆయన పేరును, ఆ జంతువు పేరును జోడించి అక్కడి పత్రికలు గెర్రీమాండర్ అనే మాటను పుట్టించాయి. రెండు శతాబ్దాలు గడిచినా ఆ మాట వాడుక తప్పలేదు. ఆ పనీ ఆగలేదు.

మన దేశం ఈ విషయంలో మొదటి నుంచీ జాగ్రత్త పడింది. అయినా తొలి ఏర్పాటులో ఒక లోపం ఉండేది. 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికలకు సరిహద్దులను 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం కింద రాష్ట్రపతి ఉత్తర్వుల ద్వారా నిర్ణయించారు. ఎన్నికల సంఘం ప్రతిపాదనలు సిద్ధం చేసింది. పార్లమెంటు సభ్యులతో కూడిన సలహా సంఘాలను సంప్రదించింది. ఆ ఉత్తర్వులు పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు వాటిని సవరించే అధికారం సభ్యులకు ఉండేది. రేపు పోటీ చేయబోయే వారి చేతికే గీతను దిద్దే అవకాశం ఇవ్వడం అంటే, పక్కపక్క పొలాల రైతులనే పిలిచి గట్టు ఎక్కడ వేయాలో మీరే తేల్చుకోండి అన్నట్లే. అందుకే 1952లో పార్లమెంటు వేరొక చట్టం చేసి, స్వతంత్ర ప్రతిపత్తి గల పునర్విభజన కమిషన్‌ను ఏర్పరచింది. తన అధికారాన్ని తానే తగ్గించుకొన్న చట్టసభలు ప్రపంచంలో ఎక్కువగా లేవు. ఆనాటి పార్లమెంటుకు ఈ గౌరవం దక్కాలి. ఆ తరువాత 1962, 1972, 2002 సంవత్సరాల చట్టాల కింద మరి మూడు కమిషన్లు పని చేశాయి.

2002 చట్టం ప్రకారం కమిషన్ అధ్యక్షులు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్న వారు లేదా పదవీ విరమణ చేసిన వారు కావాలి. జస్టిస్ కుల్దీప్ సింగ్ ఆ పదవిని నిర్వహించారు. ప్రధాన ఎన్నికల కమిషనరు లేదా ఆయన నామినేట్ చేసిన ఎన్నికల కమిషనరు ఒక సభ్యులు. ఏ రాష్ట్రం పని జరుగుతుంటే ఆ రాష్ట్ర ఎన్నికల కమిషనరు మరొక సభ్యులు. ప్రజాప్రతినిధులను పూర్తిగా దూరం పెట్టలేదు. పెద్ద రాష్ట్రాల నుంచి అయిదుగురు లోక్‌సభ సభ్యులు, అయిదుగురు శాసనసభ్యులు సహ సభ్యులుగా కూర్చుంటారు. వారు మాట్లాడవచ్చు, వాదించవచ్చు, ప్రతిపాదనను వ్యతిరేకించవచ్చు. ఓటు వేసే హక్కు గాని, ఉత్తర్వు మీద సంతకం చేసే హక్కు గాని వారికి లేదు. వారి అసమ్మతిని మాత్రం, వారు కోరితే, ముసాయిదాతో పాటే ప్రచురించాలి. ఇది చిన్న విషయంగా కనబడవచ్చు గాని, సామాన్య పౌరునికి చాలా ఉపయోగపడుతుంది. ముసాయిదాలో ఎక్కడ వివాదం ఉన్నదో ఆ అసమ్మతి పత్రమే చెప్పేస్తుంది.

కమిషన్ తన ఇష్టానుసారం గీతలు గీయడానికి వీలు లేదు. చట్టం కొన్ని నియమాలు విధించింది. నియోజకవర్గం వీలైనంత వరకు భౌగోళికంగా ఒకే ముద్దగా ఉండాలి. కొండలు, నదుల వంటి సహజ పరిస్థితులను, ఉన్న పరిపాలనా సరిహద్దులను, రాకపోకల సౌకర్యాలను, ప్రజల సౌలభ్యాన్ని దృష్టిలో ఉంచుకోవాలి. ప్రతి శాసనసభ నియోజకవర్గమూ పూర్తిగా ఒకే లోక్‌సభ నియోజకవర్గంలో ఇమడాలి. షెడ్యూల్డు కులాల స్థానాలను రాష్ట్రంలోని వివిధ ప్రాంతాలకు పంచుతూ, వారి జనాభా నిష్పత్తి సాపేక్షంగా ఎక్కువగా ఉన్న చోట్ల పెట్టాలి. షెడ్యూల్డు తెగల స్థానాలను వారి నిష్పత్తి అత్యధికంగా ఉన్న చోట్లనే పెట్టాలి. వీటన్నింటికీ పైన సమానత్వ నియమం ఉన్నది. జనాభాలో నియోజకవర్గాలు వీలైనంతగా ఒకదానితో ఒకటి సరితూగాలి. లెక్కకు వచ్చేది ఓటర్లు కారు, జనాభా. పసిపిల్లలు కూడా ఇందులో చేరతారు. రాష్ట్ర సగటుకు అటూ ఇటూ నూటికి పది వరకు తేడాను 2002 కమిషన్ సాధారణంగా అంగీకరించింది.

వినడానికి ఈ నియమాలు ఒకదానికొకటి చుట్టాల వలె ఉంటాయి. పటం ముందు కూర్చుంటే అవి పరస్పరం తగవులాడుకొంటాయి. అరకు లోక్‌సభ నియోజకవర్గాన్నే చూడండి. 2008 ఉత్తర్వుతో కొత్తగా ఏర్పడిన ఈ స్థానంలో పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం అనే ఏడు శాసనసభ స్థానాలు ఉన్నాయి. అప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, తూర్పు గోదావరి అనే నాలుగు జిల్లాల భాగాలు ఇందులోకి వచ్చాయి. తూర్పు కనుమల వెంట సన్నగా, పొడవుగా సాగిన నియోజకవర్గం ఇది. పాలకొండ వాసికి, రంపచోడవరం వాసికి మధ్య ఎన్ని కొండలు, ఎన్ని ఏరులు! ఒకే ముద్దగా ఉండాలన్న నియమం ఇక్కడ వెనుకకు తగ్గింది. గిరిజనుల నిష్పత్తి అత్యధికంగా ఉన్న ప్రాంతాలు కొండల వెంట అలాగే పరచుకొని ఉన్నాయి కనుక తగ్గక తప్పలేదు. మైదాన ప్రాంతపు పార్లమెంటు స్థానాల అంచులలో చీలిపోయి అక్కడి మెజారిటీలో కలిసిపోవడం కంటే గిరిజనులకు ఒకే గొంతు ఉండడం మేలని నేను భావిస్తాను. ప్రయాణపు కష్టాన్ని చూపి మరొక విధంగా వాదించే వారికీ చెప్పుకోదగిన కారణాలు ఉన్నాయి.

పార్వతీపురం ప్రస్తావన వచ్చింది కనుక ఒక పాత సంగతి చెబుతాను. తొలి రెండు సాధారణ ఎన్నికలలో కొన్ని నియోజకవర్గాల నుంచి ఇద్దరేసి సభ్యులను ఎన్నుకొనేవారు. ఒకటి జనరల్ స్థానం, ఒకటి రిజర్వుడు స్థానం. నియోజకవర్గం మాత్రం ఒకటే. 1957లో పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గం అటువంటిదే. తరువాతి కాలంలో రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి. గిరి ఆ ఎన్నికలో అక్కడ జనరల్ స్థానానికి పోటీ చేశారు. షెడ్యూల్డు తెగల అభ్యర్థులలో అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చిన వారికి రిజర్వుడు స్థానం లభించింది. మిగిలిన వారందరిలో ఎక్కువ ఓట్లు వచ్చిన వారు కూడా షెడ్యూల్డు తెగకు చెందిన అభ్యర్థే కావడంతో రెండవ స్థానమూ ఆయనకే దక్కింది. గిరిగారు ఓడిపోయారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 1959లో కోర్టు ఆ ఫలితం చట్టబద్ధమేనని తేల్చింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేస్తూ చట్టం వచ్చింది. ఆనాడు ఒకే నియోజకవర్గాన్ని రెండుగా కోయవలసి వచ్చినప్పుడు, ఏ సగం రిజర్వుడు కావాలన్న ప్రశ్న ఎన్నో ఊళ్లలో రచ్చబండల దగ్గరకు వచ్చింది. గీతలకు, మనుషుల రాజకీయ భవిష్యత్తుకు ఉన్న సంబంధం ఇటువంటిది.

ఇక పౌరుని వంతు ఎక్కడ వస్తుంది అన్నది చూద్దాం. 2002 చట్టం తొమ్మిదవ సెక్షనులో ఈ సంగతి ఉన్నది. కమిషన్ తన ప్రతిపాదనలను భారత గెజిట్‌లోను, సంబంధిత రాష్ట్రాల గెజిట్‌లలోను ప్రచురించాలి. ఒక తేదీ చెప్పి, ఆ తేదీలోగా అభ్యంతరాలు, సూచనలు కోరాలి. గడువులోగా అందిన వాటినన్నింటినీ పరిశీలించాలి. అందుకోసం ప్రతి రాష్ట్రంలో ఒకటి గాని, అంతకంటే ఎక్కువ గాని బహిరంగ విచారణలు జరపాలి. ఆ తరువాతనే తుది ఉత్తర్వు వెలువడాలి. ముసాయిదాకు, తుది ఉత్తర్వుకు మధ్యనున్న ఈ కొద్ది వారాలే పౌరుని కాలం.

కొద్ది వారాలే అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, తరువాత తలుపు మూసుకొంటుంది. తుది ఉత్తర్వు గెజిట్‌లో ప్రచురితం కాగానే దానికి చట్టబలం వస్తుంది. లోక్‌సభ ముందు, శాసనసభ ముందు దానిని ఉంచుతారు గాని, వారు ఒక కామా కూడా మార్చలేరు. రాజ్యాంగం 329వ అధికరణం న్యాయస్థానాలను కూడా పక్కన ఉంచింది. ఉజ్జయినికి చెందిన మేఘరాజ్ కొఠారి తమ నియోజకవర్గాన్ని షెడ్యూల్డు కులాలకు రిజర్వు చేయడాన్ని సవాలు చేసినప్పుడు, 1966లో సుప్రీంకోర్టు ప్రచురితమైన ఉత్తర్వును ప్రశ్నించడానికి వీలు లేదని చెప్పింది. ప్రతి ఓటరూ కోర్టుకు వెళ్లి ఉత్తర్వును నిలిపివేయించగలిగితే ఎన్నికలు ఎన్నటికీ జరగవు అన్నది అందులోని తర్కం. 2024లో గుజరాత్‌లోని బార్డోలీ శాసనసభ స్థానం విషయమై వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ నిషేధం సంపూర్ణం కాదని, ఉత్తర్వు స్పష్టంగా నిరంకుశంగా, రాజ్యాంగ విలువలకు విరుద్ధంగా ఉంటే ఉన్నత న్యాయస్థానాలు పరిశీలించవచ్చునని వివరించింది. అది అసాధారణ సందర్భాలకు ఉద్దేశించిన కిటికీ. మా గ్రామాన్ని వాగు అవతలి నియోజకవర్గంలో వేశారు అన్న ఫిర్యాదు ఆ కిటికీలో పట్టదు. దానికి ముసాయిదా కాలమే తగిన సమయం.

విచారణ సభలో ఏమి అడగాలో, ఏమి అడగరాదో తెలియక చాలామంది తమ వంతు సమయాన్ని వృథా చేసుకొంటారు. రాష్ట్రానికి ఎన్ని లోక్‌సభ స్థానాలు ఉండాలన్న ప్రశ్నను విచారణ సభ తేల్చజాలదు. లోక్‌సభలో ఎన్నికైన సభ్యుల స్థానాలు 543. ఇవి 1971 జనాభా లెక్కల ఆధారంగా రాష్ట్రాలకు పంచబడ్డాయి. ఆ జనగణన నాటికి దేశ జనాభా సుమారు 55 కోట్లు. 2011 నాటికి 121 కోట్లు దాటింది. అంటే ఒక్కొక్క సభ్యుడు సగటున పది లక్షల మందికి ప్రాతినిధ్యం వహించిన స్థితి నుంచి ఇరవై రెండు లక్షల మందికి వహించే స్థితి వచ్చింది. అయినా రాష్ట్రాల వాటాలు మారలేదు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ వాటిని 2000 తరువాతి జనగణన వరకు స్థిరపరచింది. 84వ సవరణ ఆ గడువును 2026 తరువాతి మొదటి జనగణనకు పొడిగించింది. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా పాటించిన రాష్ట్రాలు అందుకు ప్రతిఫలంగా ప్రాతినిధ్యం పోగొట్టుకోరాదన్నది దీని వెనుకనున్న ఆలోచన. 2003లో వచ్చిన 87వ సవరణ రాష్ట్రాల వాటాలను ముట్టుకోకుండా, లోపలి సరిహద్దులను మాత్రం 2001 లెక్కల ప్రకారం సరిచేయమన్నది.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా జనగణన జరపాలన్న ప్రకటన 2025 జూన్‌లో వెలువడింది. చట్టసభలలో మూడవ వంతు స్థానాలను స్త్రీలకు కేటాయించే 2023 నాటి 106వ సవరణ కూడా పునర్విభజనతో ముడిపడి వచ్చింది. దక్షిణాది రాష్ట్రాలలో కలిగిన ఆందోళనను సంకుచిత ప్రాంతీయ భావమని తోసిపుచ్చడం నాకు సమ్మతం కాదు. దేశం కోరిన పనిని చేసి నష్టపోవడం ఎవరికైనా బాధాకరమే. అలాగే బీహారులోని ఓటరు తన ఓటు విలువ ఎందుకు తగ్గి ఉండాలని అడిగితే అదీ అన్యాయమైన ప్రశ్న కాదు. ఈ రెండింటినీ సమన్వయపరచవలసినది రాజ్యాంగాన్ని సవరించే అధికారం గల పార్లమెంటు. మన ఊరి గీత ఎటు పోవాలన్నది మాత్రం కమిషన్ ముందు మనం మాట్లాడదగిన విషయం. పెద్ద వాదం వేడిలో ఈ చిన్న వాదాన్ని మరచిపోతే, పెద్దదీ మన చేతిలో ఉండదు, చిన్నదీ జారిపోతుంది.

మరి పనికివచ్చే అభ్యంతరం ఎలా ఉంటుంది? ఒక ఉదాహరణ ఊహించుకొందాం. 2011 లెక్కల ప్రకారం తెలంగాణ జనాభా సుమారు మూడున్నర కోట్లు; శాసనసభ స్థానాలు 119. ఒక్కొక్క స్థానానికి సగటు 2 లక్షల 94 వేలు. పది శాతం అంటే 29 వేలు. ఇప్పుడు యాభై వేల జనాభా గల మండలాన్ని ఒక నియోజకవర్గం నుంచి తీసి పక్క నియోజకవర్గంలో కలపమని ఎవరైనా అర్జీ పెట్టారనుకోండి. ఆ యాభై వేలు పోయిన చోట లోటు ఏర్పడుతుంది, చేరిన చోట పొంగు వస్తుంది. రెండూ పది శాతం హద్దును దాటిపోవచ్చు. అందువలన అర్జీదారు బదులుగా ఏ ప్రాంతాన్ని ఇటు తీసుకోవాలో కూడా చెప్పాలి. ఆ ప్రాంతం వారు ఒప్పుకొంటున్నారో లేదో చూపాలి. మూడవ నియోజకవర్గం కదలవలసి వస్తుందా అన్నది లెక్క వేయాలి. ఇంత చేసిన అర్జీ ఒక పేజీ ఉన్నా, ఉద్రేకంతో నిండిన వంద సంతకాల మహజరు కంటే బలమైనది. కమిషన్ వద్ద జనాభా పట్టికలు ఉన్నాయి, పటాలు ఉన్నాయి. వర్షాకాలంలో ఆ వాగు మూడు నెలలు దాటనివ్వదన్న సంగతి, సంతకు, ఆసుపత్రికి, కళాశాలకు జనం ఏ ఊరికి పోతారన్న సంగతి, ఏ బస్సు ఏ దారిన తిరుగుతుందన్న సంగతి పట్టికలో ఉండవు. అవి మీకు తెలుసు. ఫలానా నాయకుడు ఓడిపోతాడు, ఫలానా కులం బలహీనపడుతుంది అన్న వాదనకు చట్టంలో చోటు లేదు. ప్రజల సౌలభ్యం అన్న మాటకు ఉన్నది.

ఇటువంటి మాటలు చెల్లుబాటైన సందర్భాలు ఉన్నాయి. జమ్మూ కాశ్మీరులో జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయి అధ్యక్షతన పని చేసిన కమిషన్ 2022 మార్చి 14న ముసాయిదాను ప్రజల ముందుంచి, ఏప్రిల్ 4, 5 తేదీలలో జమ్మూలోను, శ్రీనగర్‌లోను విచారణ జరిపింది. మే 5న వెలువడిన తుది ఉత్తర్వులో చెప్పుకోదగిన మార్పులు కనిపించాయి. శ్రీగుఫ్వారా తహసీలును పహల్‌గాం నుంచి బిజ్‌బెహారాకు మార్చారు. దర్హాల్ తహసీలును బుఢల్ నుంచి థన్నామండీలో కలిపారు. తంగ్‌మార్గ్ నియోజకవర్గానికి గుల్మార్గ్ అని, సోన్‌వార్ నియోజకవర్గానికి లాల్ చౌక్ అని పేర్లు మార్చారు. పేరులో ఏమున్నదని తేలికగా తీసుకోవద్దు. పక్క ఊరి పేరుతో పిలువబడే నియోజకవర్గంలో తాము అతిథులమన్న భావం జనానికి కలుగుతుంది. ఆ ఉత్తర్వుపై రాజకీయ పక్షాల నుంచి తీవ్రమైన విమర్శలు కూడా వచ్చాయి, జమ్మూకు, కాశ్మీరు లోయకు స్థానాల పంపకం గురించి ముఖ్యంగా. అది వేరే చర్చ. తహసీళ్ల విషయంలో మాత్రం స్థానికులు చెప్పిన మాటకు విలువ దక్కింది.

అస్సాంలో 2023లో ఎన్నికల సంఘమే ఈ పని నిర్వహించింది. జూన్ 20న ముసాయిదా వచ్చింది. జూలై 19 నుంచి 21 వరకు గువాహటిలో విచారణలు జరిగాయి. పన్నెండు వందలకు పైగా అర్జీలు అందాయి. ఆగస్టు 11న తుది ఉత్తర్వు వెలువడింది. 126 శాసనసభ స్థానాలు, 14 లోక్‌సభ స్థానాలు గల రాష్ట్రంలో కొండల వారు, బ్రహ్మపుత్ర ఉత్తర తీరం వారు, బరాక్ లోయ వారు అందరూ గువాహటికే వచ్చి మాట్లాడవలసి వచ్చింది.

ఇక్కడే నాకు ఒక అసంతృప్తి ఉన్నది. చట్టం తుది ఉత్తర్వును గురించి ఎంతో ఉదారంగా మాట్లాడుతుంది. దానిని గెజిట్‌తో పాటు కనీసం రెండు ప్రాంతీయ భాషా పత్రికలలో ప్రచురించాలని, రేడియో, టెలివిజన్ల ద్వారా తెలియజేయాలని, జిల్లా ఎన్నికల అధికారి తన కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అంటించాలని విధిస్తుంది. ముసాయిదా మాటకు వచ్చేసరికి గెజిట్‌లను చెప్పి, ఇతరత్రా కమిషన్‌కు ఉచితమనిపించిన రీతిలో అని ఊరుకొన్నది. మార్చడానికి వీలులేని కాగితాన్ని మన భాషలో, మన గుమ్మం ముందు పెట్టమంటున్నది. మార్చడానికి వీలున్న కాగితం విషయంలో అంత పట్టుదల చూపలేదు. తాటాకు మీద పెళ్లి లగ్నం వ్రాసుకొన్న తరువాత పిల్లవాడు నచ్చాడా అని అడిగినట్లున్నది. ముసాయిదా తెలుగులో, మండలాల వారీ పటంతో, ప్రతి మండల కార్యాలయంలోను, ప్రతి శాఖా గ్రంథాలయంలోను దొరికే ఏర్పాటు ఉండాలి.

గడువు సంగతి కూడా అంతే. జమ్మూ కాశ్మీరులో అభ్యంతరాలకు ఇచ్చినది ఒక వారం; మార్చి 21తో ముగిసింది. అస్సాంలో మూడు వారాలు. పొరుగున పాకిస్తాన్‌లో 2017 ఎన్నికల చట్టం ప్రాథమిక ప్రతిపాదనల మీద ఓటరుకు 30 రోజులు ఇస్తున్నది. బ్రిటన్‌లో మొదటి దఫాలోనే ఎనిమిది వారాలు ఇచ్చి, వచ్చిన అర్జీలన్నింటినీ ప్రచురించి, వాటి మీద ఇతరులు వ్యాఖ్యానించడానికి మరొక ఆరు వారాలు ఇస్తారు. ఒకరి కోరిక మరొకరికి నష్టం కాగల ఈ వ్యవహారంలో ఆ రెండవ దఫా చాలా విలువైనదని నా అభిప్రాయం. మనకు ఉన్న జనసంఖ్యకు, భాషలకు, దూరాలకు ఒక వారం దేనికీ చాలదు.

గీతలను చాలా కాలం కదపకపోతే ఏమవుతుందో చూడాలంటే మల్కాజిగిరి వైపు చూడాలి. హైదరాబాదు శివార్లు పెరగడం వలన 2008లో కొత్తగా ఏర్పడిన లోక్‌సభ స్థానమది. 2001 లెక్కల ప్రకారం సరితూగిన నియోజకవర్గం 2014 నాటికే 30 లక్షల ఓటర్లను దాటింది; 2024లో 37 లక్షలకు మించింది. అదే రాష్ట్రంలోని మహబూబాబాదులో ఓటర్లు దాదాపు 15 లక్షలు. ఒక చోట ఇద్దరు ఓటర్లు కలిసినా మరొక చోట ఒక్క ఓటరుకు సాటి రావడం లేదు. మల్కాజిగిరిలో కొత్తగా వచ్చి స్థిరపడిన వారెందరో పనికోసం పల్లెలు విడిచి వచ్చిన వారే అన్నది గుర్తుంచుకోవాలి. పునర్విభజనలో పల్లెకు నష్టం, పట్నానికి లాభం అని మనం లెక్క వేసేటప్పుడు మన బంధువులే రెండు వైపులా నిలబడి ఉంటారు.

తెలుగు ప్రాంతాలలో ఇంకొక చిక్కు ఉన్నది. పరిపాలనా సరిహద్దులు మన దగ్గర తరచు మారుతూ వచ్చాయి. 1976 నాటి గీతలు తాలూకాలు, ఫిర్కాలు ఉన్న కాలానివి. 1985లో మండలాలు వచ్చాయి. కొత్త మండలాలలో కొన్ని పాత నియోజకవర్గాల గీతకు అడ్డంగా పడ్డాయి. 2008 ఉత్తర్వు చాలా వరకు మండలాలను యూనిట్లుగా తీసుకొని ఆ తేడాను సరిదిద్దింది. అదే ఉత్తర్వులో ఉమ్మడి రాష్ట్ర శాసనసభలోని 294 స్థానాలలో షెడ్యూల్డు కులాలవి 39 నుంచి 48కి, షెడ్యూల్డు తెగలవి 15 నుంచి 19కి పెరిగాయి. ఆ తరువాత తెలంగాణలో 2016లోను, 2019లోను కొత్త జిల్లాలు వచ్చి పది జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. నియోజకవర్గాల గీత మాత్రం కదలలేదు. కాబట్టి ఒకే శాసనసభ్యుడు రెండు జిల్లాల కలెక్టర్ల దగ్గరకు తిరగవలసిన చోట్లు ఏర్పడ్డాయి. రేపటి ముసాయిదా వచ్చినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్నలలో ఇది ఒకటి: మన నియోజకవర్గం ఏ తేదీ నాటి మండల సరిహద్దుల మీద గీయబడింది?

ఈ సభ గ్రంథాలయంలో జరుగుతున్నది కనుక గ్రంథపాలకులకు, విద్యార్థులకు ఒక పని అప్పగించదలచాను. 2008 పునర్విభజన ఉత్తర్వులో మీ జిల్లాకు చెందిన పుటలను, జనాభా లెక్కల శాఖ ప్రచురించిన జిల్లా జనగణన దీపికను, మండల సరిహద్దులు చూపే తాజా పటాన్ని తెప్పించి ఒకే బల్ల మీద ఉంచండి. గణిత విద్యార్థులు గ్రామాల జనాభాను కూడి సగటుతో పోల్చవచ్చు. భూగోళ విద్యార్థులు వాగులను, రోడ్లను పటం మీద గుర్తించవచ్చు. తెలుగు విద్యార్థులు ఆ పట్టికలను ఊరి పెద్దలకు అర్థమయ్యే భాషలో వ్రాయవచ్చు. పక్క నియోజకవర్గంలోని కళాశాల వారిని కూడా పిలవండి. వారి వాగు, మీ వాగు ఒకటే కావచ్చు. దానికి ఆవలి ఒడ్డు నుంచి చూసిన లెక్క వేరుగా ఉంటుంది. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఏకీభవిస్తున్నారో, ఎక్కడ విభేదిస్తున్నారో ఒక పేజీలో వ్రాసి గ్రంథాలయంలో భద్రపరచండి. ముసాయిదా గెజిట్‌లో వచ్చిన రోజున ఆ పేజీ తీసి తేదీ వేసి, గడువు లోపల కమిషన్ చిరునామాకు పంపడం ఒక్కటే మిగిలి ఉంటుంది.